పని కనపడదు, పైకం కనపడుతుంది

చలికాలంలో దోహాలో సాయంత్రం అయిదయితే న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిది. ఆఫీసు నుంచి వచ్చి, చాయ్ తాగి, లాప్‌టాప్ తెరిచేసరికి అక్కడివాళ్లు అప్పుడే కుర్చీల్లో సర్దుకుంటూ ఉంటారు. ఖతార్‌లో వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు. శుక్రవారం అమెరికాలో పనిదినం కాబట్టి ఆ రోజంతా చేతిలో ఉంటుంది. బిన్ మహమూద్‌లోనో నజ్మాలోనో అద్దె ఫ్లాట్లలో ఉండే తెలుగు ఇంజనీర్లకు, అకౌంటెంట్లకు, డిజైనర్లకు రెండో పని మీద ఆశ పుట్టడానికి ఈ గడియారం ఒక్కటి చాలు. భర్త వీసా మీద వచ్చి ఇంటిపట్టున ఉండిపోయిన ఎంటెక్‌లు, ఎంబీఏలు ఇంకో పెద్ద గుంపు. పని దొరకడం ఇప్పుడు మరీ అంత కష్టమేమీ కాదు. చేసిన పనికి డబ్బు ఎలా వస్తుంది, మొదట ఎక్కడ పడుతుంది, ఎవరైనా అడిగితే దాన్ని ఏమని చెప్పాలి, చిక్కంతా అక్కడే.

నిజానికి గల్ఫ్ తెలుగువాళ్లకు ఇది పాత చిక్కే. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల, కడప ప్రాంతాల నుంచి వెళ్లిన మేస్త్రీలు, డ్రైవర్లు ‘ఆజాద్ వీసా’ను దశాబ్దాలుగా ఎరుగుదురు. కాగితం మీద కఫీల్ (స్పాన్సర్) ఒకడు, పని చేయించుకుని కూలి ఇచ్చేవాడు మరొకడు. అలాంటి వీసా ఏ చట్టంలోనూ లేదు. ఉన్నదల్లా కఫీల్‌కు కట్టే సొమ్ము, చెకింగ్ వచ్చినప్పుడు గుండెదడ. దోహాలో ఒక కంపెనీ వీసా మీద ఉంటూ రాత్రిళ్లు టెక్సాస్ కంపెనీకి కోడ్ రాసే కుర్రవాడి పరిస్థితి కూడా చట్టం వైపు నుంచి చూస్తే దాదాపు ఇదే. ఈ పోలిక తెస్తే ఐటీవాళ్లకు కోపం వస్తుంది, నాకు తెలుసు. అయినా ఆజాద్ వీసా చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చినట్టుగానే నాకు కనిపిస్తుంది. ఒక్క తేడా ఉంది. మేస్త్రీ పని సైటులో పదిమంది కళ్లెదుట జరుగుతుంది, కూలి నగదుగా చేతిలో పడి ఆనవాలు లేకుండా పోతుంది. లాప్‌టాప్ పని నాలుగు గోడల మధ్య ఎవరికీ కనపడదు. దాని పైకం మాత్రం తేదీతో, పంపినవాడి పేరుతో బ్యాంకు స్టేట్‌మెంట్‌లో అచ్చవుతుంది.

ముందు ఖతార్ చట్టం సంగతి. 2004 నాటి 14వ నంబరు కార్మిక చట్టం ఉద్యోగి విధులు చెబుతూ, జీతానికైనా ఉచితంగానైనా ఇతరులకు పని చేయకూడదంటుంది. ప్రవాసుల రాకపోకలు, నివాసం గురించిన 2015 నాటి 21వ నంబరు చట్టం చిన్న కిటికీ తెరిచింది. అసలు యజమాని ఒప్పుకుని, ప్రభుత్వం అనుమతిస్తే, మిగిలిన సమయంలో మరో యజమాని దగ్గర పార్ట్‌టైమ్ చేయవచ్చు. భర్త స్పాన్సర్‌షిప్ మీద ఉన్న ఆడవాళ్లకు కూడా స్పాన్సర్‌షిప్ మార్చుకోకుండానే వర్క్ పర్మిట్ తీసుకునే దారి ఉంది. అయితే ఈ దారులన్నీ ఖతార్‌లో రిజిస్టరైన కంపెనీ గుమ్మం దగ్గరికే వెళ్తాయి. పర్మిట్‌కు దరఖాస్తు పెట్టాల్సింది ఆ కంపెనీ. ఆస్టిన్‌లో ఉన్న కంపెనీకి దోహాలో కమర్షియల్ రిజిస్ట్రేషన్ ఉండదు, దరఖాస్తు పెట్టేవాడూ ఉండడు. దుబాయ్ 2020 అక్టోబరులోనే, బయటి దేశపు యజమానికి పనిచేస్తూ తమ ఊళ్లో ఉండాలనుకునేవాళ్లకు ఏడాది వీసా పథకం పెట్టింది. ఇంటి నుంచి పని చేసుకునే తెలుగువాళ్లు కొందరు దోహా కన్నా దుబాయ్ మేలనడానికి ఇదొక కారణం.

“సముద్రం అవతలి కంపెనీకి చేసే పని ఇక్కడి చట్టం కిందికి రాదు” అని వాదించేవాళ్లను చాలామందిని చూశాను. వాదన వినసొంపుగానే ఉంటుంది. కానీ ఉద్యోగంలో చేరినప్పుడు సంతకం పెట్టిన కాగితం ఒకసారి తీసి చదవండి. వేరే పని చేయకూడదన్న షరతు చాలా కంపెనీల ఒప్పందాల్లో ఉంటుంది. గొడవ వస్తే వాళ్లు ముందు బయటికి తీసేది అదే. యజమాని దగ్గర నుంచి రెండు వాక్యాల అనుమతి మెయిల్ తెచ్చుకోవడానికి సిగ్గుపడి, ఏడాదిపాటు దాచుకుని పనిచేసి, చివరికి ఉన్న ఉద్యోగమూ వీసా కూడా పోగొట్టుకోవడం తెలివైన బేరం కాదు.

ఇక రక్షణ మాట. గడిచిన పదేళ్లలో ఖతార్ కార్మిక చట్టాలు మారినంతగా గల్ఫ్‌లో ఇంకెక్కడా మారలేదేమో. జీతం గడువు తేదీ నుంచి 7 రోజుల్లో బ్యాంకు ద్వారానే ఇవ్వాలన్న వేతన రక్షణ వ్యవస్థ 2015లో వచ్చింది. 2017 నాటి 13వ నంబరు చట్టంతో కార్మిక వివాదాల పరిష్కార కమిటీలు వచ్చాయి. మరుసటి ఏడాది, యజమాని చేతులెత్తేస్తే ఆదుకునే నిధి వచ్చింది. 2020లో ఉద్యోగం మారడానికి పాత యజమాని ఎన్ఓసీ అక్కర్లేకుండా చేశారు. 2021 మార్చి 20 నుంచి కనీస వేతనం 1,000 రియాళ్లు అమలైంది, బస, భోజనం యజమాని చూపకపోతే వాటికి మరో 500, 300. వీటి అమలు ఎంత సక్రమంగా ఉందన్నది వేరే చర్చ. మన కుర్రవాడికి సంబంధించి తెలుసుకోవాల్సింది ఏమిటంటే, ఇందులో ఒక్కటీ అతని రెండో పనికి వర్తించదు. ఇండస్ట్రియల్ ఏరియాలో ఇటుకలు మోసే కూలికి జీతం ఆగితే ఫిర్యాదు చేయడానికి కౌంటరన్నా ఉంది. డాలస్ క్లయింటు మూడు నెలల బిల్లు ఎగ్గొడితే, వెస్ట్ బేలో ఏసీ గదిలో కూర్చునే ఇంజనీరుకు దోహాలో తట్టడానికి తలుపు లేదు.

ఈ ‘కాంట్రాక్టు’ పనుల్లో మన తెలుగువాళ్ల సొంత సృష్టి ఒకటుంది, దాని గురించి కాస్త నిలబడి మాట్లాడుకోవాలి. అదే ‘జాబ్ సపోర్ట్’. అమెరికాలో కొత్తగా ప్రాజెక్టులో చేరినవాడికి పని రాదు. అమీర్‌పేటలోనో దోహాలోనో ఉన్న అనుభవజ్ఞుడు రోజూ రెండు గంటలు స్క్రీన్ పంచుకుని పని చేసి పెడతాడు, నెలకింతని మాట్లాడుకుంటారు. ఒప్పందపత్రం ఉండదు, బిల్లు ఉండదు. డబ్బు ఎలా చేరుతుందో చూడండి. డాలస్ అబ్బాయి గుంటూరులో ఉన్న నాన్నకు చెబుతాడు, ఆ నాన్న కరీంనగర్‌లో ఉన్న దోహా అబ్బాయి నాన్న ఖాతాలో రూపాయలు వేస్తాడు. డాలర్ సముద్రం దాటలేదు, రియాల్ కదలలేదు. ఇద్దరు తండ్రుల మధ్య ఏదో చేబదులు జరిగినట్టుగా ఉంటుంది. బయటివాళ్లెవరూ అడగకపోతే ఇంత సుఖమైన ఏర్పాటు మరొకటి లేదు.

అడిగితేనే కష్టం. భారత ఆదాయపు పన్ను చట్టంలో ప్రవాసులకు ఉన్న వెసులుబాటు ఏమిటి? విదేశంలో సంపాదించి విదేశంలోనే అందుకున్న డబ్బు జోలికి భారతదేశం రాదు. కానీ 1961 చట్టంలోని 5(2) సెక్షన్, ప్రవాసి ఆదాయమైనా సరే, భారతదేశంలో అతనికి గానీ అతని తరఫున మరొకరికి గానీ అందితే పన్ను లెక్కలోకి తెచ్చింది. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టం వచ్చినా ఈ సూత్రం మారలేదు. “అతని తరఫున” అన్న ఆ రెండు మాటల్లో కరీంనగర్ నాన్న నిలువునా ఇరుక్కుంటాడు. అది కానుక అందామా? బంధువు కానివాడి నుంచి ఏడాదిలో 50,000 రూపాయలు మించి వచ్చిన కానుక, పుచ్చుకున్నవాడి ఆదాయమే. గుంటూరు నాన్న మనకు ఏ వరసా కాడు కదా. ఇక ఆ డాలస్ అబ్బాయి తన క్లయింటు రహస్యాలను వేరే దేశంలోని వాడి తెర మీద పరిచిన సంగతి బయటపడితే కథ ఇంకోలా తిరుగుతుంది. డబ్బు ఎగ్గొట్టినా ఎవరికీ చెప్పుకోలేని పని ఇది. ఎగ్గొట్టేవాళ్లకు ఆ సంగతి బాగా తెలుసు.

జాబ్ సపోర్ట్ కాకుండా సక్రమంగా కాంట్రాక్టు రాసుకున్నవాళ్లు కూడా ఇదే గుంటలో ఒక కాలు వేస్తుంటారు. “ఎలాగూ డబ్బు ఇంటికే పంపాలి, ఖతార్‌కు తెప్పించుకుని మళ్లీ పంపడం దండగ” అనుకుని క్లయింటుకు హైదరాబాద్ ఖాతా నంబరు ఇచ్చేస్తారు. కొందరిది ఊరు విడిచినప్పటి మామూలు సేవింగ్స్ ఖాతాయే. ఎన్ఆర్ఐ అయ్యాక దాన్ని ఎన్ఆర్ఓగా మార్చుకోవాలని విదేశీ మారక చట్టం (ఫెమా) నిబంధన, అది ఎవరికీ గుర్తుండదు. విదేశీ సంపాదన దాచుకునే ఎన్ఆర్ఈ ఖాతాకు పంపిస్తే సరిపోతుందా అంటే, అక్కడా ‘మొదట ఎక్కడ అందింది’ అన్న ప్రశ్న వెంటాడుతుంది. ఓడల మీద పనిచేసే నావికులకు సరిగ్గా ఇదే సమస్య వచ్చింది. విదేశీ నౌకపై చేసిన పనికి జీతం ఎన్ఆర్ఈ ఖాతాలో పడిందన్న ఒక్క కారణంతో పన్ను వేయొద్దని ప్రత్యక్ష పన్నుల బోర్డు 2017 ఏప్రిల్‌లో 13వ నంబరు సర్క్యులర్ ఇవ్వాల్సి వచ్చింది. ఆ సర్క్యులర్ నావికుల పేరు మీద ఉంది, లాప్‌టాప్ వాళ్ల పేరు మీద లేదు. అందుకని డబ్బును ముందు దోహా బ్యాంకులో దించుకుని, అక్కడి నుంచి ఎన్ఆర్ఈకి పంపడం నయం. రెండుసార్లు చార్జీలు పోయినా సరే.

2020 బడ్జెట్టు తెచ్చిన మరో భయం కూడా గల్ఫ్‌లో ఇప్పటికీ చెలామణిలో ఉంది. ఏ దేశంలోనూ పన్ను కట్టని భారత పౌరుణ్ని భారత నివాసిగా భావిస్తారన్న నిబంధన అది. బిల్లు వచ్చినప్పుడు గల్ఫ్ అంతా గగ్గోలెత్తింది. చివరికి తేలింది ఏమిటంటే, భారతదేశంలో వచ్చే అద్దెలు, వడ్డీలవంటి ఆదాయం 15 లక్షలు దాటినవాళ్లకే అది తగులుతుంది. వాళ్లకైనా ఖతార్‌లోనే సంపాదించుకున్న దాని మీద పన్ను పడదు. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్లు బాగా కొనిపెట్టుకున్నవాళ్లు మాత్రం ఆడిటర్‌ను కలవడం మంచిది.

సరే, డబ్బు దోహాకే తెప్పించుకుందాం. ఈ దారిలో ఒక సుఖం ఉంది. 2001 నుంచి డాలర్‌కు 3.64 రియాళ్ల రేటు అధికారికంగా బిగించి ఉంది కాబట్టి 500 డాలర్లంటే 1,820 రియాళ్లని కళ్లు మూసుకుని చెప్పవచ్చు. రూపాయిలాగా పొద్దున ఒక రేటు, సాయంత్రం ఒక రేటు ఉండదు. కానీ చేతికి 1,820 వస్తాయా? క్లయింటు బ్యాంకుకూ మన బ్యాంకుకూ మధ్య ఒకటో రెండో కరస్పాండెంట్ బ్యాంకులుంటాయి, ప్రతి ఒక్కటీ తన కోత కోసుకుంటుంది. పంపేవాడు ఫారంలో చార్జీల దగ్గర ‘అవర్’ అని పెడితే భారం అతనిది, ‘షేర్’ అంటే అతని బ్యాంకు చార్జీ అతనిది, మిగతావి మనవి, ‘బెన్’ అంటే అంతా మన నెత్తినే. కాంట్రాక్టు మాట్లాడుకునేటప్పుడు గంటకు ఎంత అని గంటసేపు బేరమాడేవాళ్లు ఈ మూడక్షరాల సంగతి మాట్లాడుకోరు. చిన్న మొత్తాలు నెలనెలా తెప్పించుకునేకన్నా రెండు మూడు నెలలకోసారి తెప్పించుకుంటే కోత తగ్గుతుంది, బకాయి పెరిగి భయం ఎక్కువవుతుంది. ఎవరి గుండె ధైర్యం వాళ్లది. ఖతార్ ఐబాన్ 29 అక్షరాలుంటుంది. ఒక అంకె తప్పు కొడితే డబ్బు వెనక్కి వెళ్లి, మళ్లీ కోత పడి, పది రోజులు కనపడకుండా తిరుగుతుంది.

బ్యాంకు ఒకటి అడుగుతుంది: ఇదేం డబ్బు? జీతం ఖాతాలో ప్రతి నెలా యజమాని పేరుతో జీతం పడుతుంటే ఎవరూ పట్టించుకోరు. దాని పక్కన టెక్సాస్ నుంచి మరో పేరుతో డాలర్లు వరసగా రావడం మొదలయితే, 2019 నాటి మనీ లాండరింగ్ నిరోధక చట్టం ప్రకారం ఆరా తీయడం బ్యాంకు బాధ్యత. “స్నేహితుడు పంపాడు” అన్న సమాధానం మొదటిసారి చెల్లుతుంది, ఏడోసారి చెల్లదు. కాంట్రాక్టు, ఇన్‌వాయిస్, యజమాని అనుమతి, ఈ మూడూ ఒక ఫోల్డర్లో ఉన్నవాడు పావుగంటలో బయటపడతాడు. లేనివాడు అబద్ధం మీద అబద్ధం పేర్చుకుంటూ పోవాలి.

ఇవన్నీ చూసి విసుగెత్తినవాళ్లకు క్లయింట్లే ఒక్కోసారి సలహా ఇస్తారు, క్రిప్టోలో పంపేస్తామని. ఖతార్‌లో ఇది అసలు వద్దు. 2018 ఫిబ్రవరిలోనే అక్కడి కేంద్ర బ్యాంకు బిట్‌కాయిన్ లావాదేవీల జోలికి పోవద్దని బ్యాంకులను ఆదేశించింది. 2024 సెప్టెంబరులో ఖతార్ ఫైనాన్షియల్ సెంటర్ తెచ్చిన డిజిటల్ ఆస్తుల నిబంధనల్లో కూడా క్రిప్టో కరెన్సీలకు, స్టేబుల్ కాయిన్లకు చోటు లేదు. ఇంటికి పంపుకుందామంటే భారతదేశం 2022 ఏప్రిల్ నుంచి దాని లాభాల మీద 30 శాతం పన్ను వేస్తోంది. హుండీ గురించి చెప్పనే అక్కర్లేదు, దాని కథలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి.

ఫ్రీలాన్స్ పనులు కుదిర్చే ప్లాట్‌ఫారాల దారి వేరు. 1998లో జెర్సీ సిటీలోని ఒక రెండు పడగ్గదుల అపార్ట్‌మెంటులో ఈలాన్స్ మొదలుపెట్టినవాళ్లలో బీరుద్ సేథ్‌తో పాటు శ్రీని అనుమోలు కూడా ఒకరు. ఇంటిపేరు వినగానే కృష్ణా జిల్లా గాలి తగులుతుంది. ఆ ఈలాన్సే తరవాత ఓడెస్క్‌తో కలిసి 2015లో అప్‌వర్క్ అయింది. వీటిలో క్లయింటు డబ్బు ముందే ఎస్క్రోలో పెడతాడు కాబట్టి చేసిన పని గాలికి పోదు. బదులుగా కమిషన్ పోతుంది. అప్‌వర్క్‌లో అది 2023లో అందరికీ 10 శాతం, 2025 మే నుంచి కొత్త కాంట్రాక్టులకు 15 శాతం దాకా. కమిషన్ మీద ఎంత గొణుక్కున్నా, మొదటి ఏడాది కొత్తవాళ్లకు నేను ఇదే చెబుతాను. పరిచయం లేని విదేశీ క్లయింటు దగ్గర డబ్బు వసూలుకు ఇంతకన్నా చవకైన వకీలు దొరకడు.

అమెరికా క్లయింటు ఒక ఫారం పంపుతాడు, డబ్ల్యూ-8 బెన్. తాను అమెరికావాణ్ని కానని కాంట్రాక్టరు ఇచ్చే హామీ అది. అమెరికా బయట కూర్చుని చేసిన పనికి వచ్చే డబ్బు మీద అక్కడ పన్ను కోత ఉండదు. మనవాళ్లు తరచు చేసే పొరపాటు ఏమిటంటే, పాస్‌పోర్టు భారతదేశానిది కదా అని పన్ను ఒప్పందం గడిలో ఇండియా పేరు రాస్తారు. ఆ గడి పౌరసత్వాన్ని అడగదు, నివాసాన్ని అడుగుతుంది. ఖతార్‌కూ అమెరికాకూ ఆదాయపు పన్ను ఒప్పందం లేదు కాబట్టి దోహాలో ఉన్నవాళ్లు ఆ భాగం ఖాళీగా వదిలేయాలి.

“ఖతార్‌లో పన్నే లేదు కదా” అన్నమాట సగం నిజం. 2018 నాటి 24వ నంబరు ఆదాయపు పన్ను చట్టం జీతాలను వదిలేసింది. వ్యాపార కార్యకలాపం మీద లాభాన్ని వదల్లేదు, దాని రేటు 10 శాతం. మన కాంట్రాక్టరు తన డబ్బును జీతమంటే, “మరి యజమాని ఏడి, పర్మిట్ ఏది?” అంటుంది కార్మిక శాఖ. ఫీజంటే, “లైసెన్సు ఏది?” అంటుంది వాణిజ్య శాఖ, “లాభమెంత?” అంటుంది పన్నుల శాఖ. నెలకు రెండు మూడు వందల డాలర్ల వాళ్ల మీదికి ఎవరూ రాకపోవచ్చు. రెండో పని మొదటి జీతాన్ని మించిపోయినవాళ్లు మాత్రం ఖతార్ ఫైనాన్షియల్ సెంటర్‌లో కంపెనీ పెట్టుకునే ఆలోచన చేయాలి. అక్కడ విదేశీయులకు నూరు శాతం యాజమాన్యం ఉంటుంది, లాభం మీద 10 శాతం పన్ను ఉంటుంది. పెద్ద ఖర్చు అనుకునే లైసెన్సు ఫీజును 2025లో చాలా రకాల పనులకు 5,000 డాలర్ల నుంచి 500కు దించారు.

డబ్బు ఎగ్గొడితే? న్యూయార్క్ నగరం 2017 మే నుంచి ఫ్రీలాన్సర్ల కోసం ప్రత్యేక చట్టం అమలు చేస్తోంది. 800 డాలర్లు దాటిన పనికి రాతపూర్వక ఒప్పందం ఉండాలి, తేదీ రాసుకోకపోతే పని ముగిసిన 30 రోజుల్లో డబ్బివ్వాలి. 2024 ఆగస్టులో రాష్ట్రమంతటికీ అలాంటిదే వచ్చింది. బ్రిటన్‌లో 1998 నుంచే ఆలస్యపు చెల్లింపులకు బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ రేటు మీద మరో 8 శాతం వడ్డీ అడిగే హక్కు ఉంది. దోహాలో కూర్చుని అక్కడ దావా వేయడం అయ్యే పని కాదని మనకూ తెలుసు, క్లయింటుకూ తెలుసు. అయినా రిమైండర్ మెయిల్లో ఆ చట్టం పేరు మర్యాదగా ఒక వాక్యంలో రాస్తే, ఆగిన బిల్లు కొన్నిసార్లు కదులుతుంది. అన్నిటికన్నా పనిచేసేది పల్లెటూరి పద్ధతే. కొంత బయానా, ఆ తర్వాత పని సగమైనప్పుడు సగం, మిగతాది ఫైళ్లు చేతికిచ్చే ముందు.

ఇప్పుడు తిరుగు ప్రయాణం. 2022 ప్రపంచకప్ పనులు ముగిశాక ఇంటికి వచ్చేసినవాళ్లలో కొందరిని పాత దోహా కంపెనీలే పిలిచి, హైదరాబాద్ నుంచో విశాఖ నుంచో కొన్ని గంటలు పని చేసిపెట్టమంటున్నాయి. కొలతల లెక్కలు, టెండరు కాగితాలు, అకౌంట్లు. వీళ్లకు చిక్కులు తలకిందులు. భారతదేశంలో వీళ్లు నివాసులు కాబట్టి పన్ను ఇక్కడ కట్టాలి. వృత్తి నిపుణులకు వచ్చినదాంట్లో సగం లాభంగా చూపే సులువైన పద్ధతి ఉంది, 75 లక్షల వరకు. అటు దోహా కంపెనీ బిల్లులోంచి 5 శాతం కోసి ఖతార్ పన్నుల శాఖకు కట్టవచ్చు, విదేశీయులు అందించే సేవల మీద అక్కడ ఉన్న నియమం అది. కోత చూసి కంపెనీ మోసం చేసిందనుకుని పోట్లాడినవాళ్లు ఉన్నారు. కట్టిన రసీదు అడిగి తీసుకుంటే, రెండు దేశాల పన్ను ఒప్పందం ప్రకారం ఇక్కడ మినహాయింపు కోరవచ్చు. 1999 నాటి ఆ ఒప్పందాన్ని సవరించి, 2025 ఫిబ్రవరిలో అమీర్ షేక్ తమీమ్ ఢిల్లీ వచ్చినప్పుడు కొత్తగా సంతకాలు చేశారు.

ఈ వచ్చేసేవాళ్లు చివర్లో మరిచిపోయే సంగతి ఒకటుంది. దోహాలో బ్యాంకు ఖాతా ఖతార్ ఐడీని పట్టుకుని బతుకుతుంది. వీసా రద్దయి ఐడీ పోయాక ఖాతా ఆగిపోతుంది. అప్పు బాకీ ఉంటే గ్రాట్యుటీ పడీ పడగానే బ్యాంకు పట్టుకుంటుంది. రెండో పని చివరి ఇన్‌వాయిస్‌కు క్లయింటు పెట్టుకున్న గడువు 30 రోజులు. మనిషి శంషాబాద్‌లో దిగి, పెట్టెలు విప్పి, సిమ్ మార్చుకునేసరికి ఆ ఆఖరి 500 డాలర్లు మూసేసిన ఖాతా దాకా వెళ్లి, తలుపు కొట్టి, వచ్చిన దారినే టెక్సాస్‌కు తిరుగు ముఖం పడతాయి, దారిలో బ్యాంకులు తమ కోత తాము కోసుకున్నాక.